జొన్న గటక నుంచి రేషన్ బియ్యం దాకా: మన కంచం చెప్పే చరిత్ర

ఆదివాసుల చరిత్ర అనగానే మనకు జోడేఘాట్ గుర్తుకొస్తుంది. ఇంద్రవెల్లి గుర్తుకొస్తుంది. జల్, జంగల్, జమీన్ కోసం కుమ్రం భీం చేసిన పోరు గుర్తుకొస్తుంది. అవి ఎప్పటికీ గుర్తుండాల్సినవే. అయితే ఆ చరిత్ర పోరాట స్థలాల్లోనే లేదు. మనం రోజూ తినే కంచంలో, నడిచే దారిలో, పడుకునే వేళలో, చివరికి మన రక్తంలో కూడా ఉంది. దాన్ని మనం పెద్దగా చదవలేదు.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని గోండు, కొలాం, పర్ధాన్, నాయక్‌పోడ్, తోటి గూడేల్లో సుమారు వందేళ్లుగా తిండి, శ్రమ, నిద్ర, జబ్బులు ఎలా మారుతూ వచ్చాయో యువతీయువకుల ముందు పెట్టాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఒక మాట ముందే చెప్పుకుందాం. మన తాతలకు, అవ్వలకు ఆరోగ్య సూత్రాలు ఎవరూ బోధించలేదు. వాళ్ల నేల, అడవి, పండుగలే ఆ అలవాట్లను మోశాయి. నేల చేజారినప్పుడు, పంట మారినప్పుడు అలవాట్లు కూడా చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాయి. అప్పుడు అప్రయత్నంగా జరిగినదాన్ని ఇప్పుడు మనం తెలిసి చేయాల్సి వస్తోంది.

రెండు నేలలు, ఎన్నో పంటలు

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం ఉలిక్కిపడింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఇల్లు కట్టుకుని మనవాళ్ల మధ్యే ఉన్నారు. ఆయన 1948లో అచ్చు వేయించిన రాజ్‌గోండుల గ్రంథంలో పండుగలు, పెళ్లిళ్లు, దేవుళ్లతో పాటు మన వ్యవసాయం గురించి కూడా వివరంగా ఉంది.

అప్పటి సేద్యం రెండు రకాల నేలల మీద నడిచేది. గుట్టల మీద, వాలు మీద ఉండే తేలిక నేలల్లో తొలకరి పడగానే సామల వంటి చిరుధాన్యాలు చల్లేవారు. కొన్నేళ్లు పండించి ఆ నేలను బీడుగా వదిలి, మరో చోట వేసుకునేవారు. లోయల్లోని నల్లరేగడిలో వానలు వెనకబట్టాక యాసంగి జొన్న వేసేవారు. జొన్నతో పాటు కంది, మినుము, పెసర, అనుము, బొబ్బర వంటివి చేలల్లో ఉండేవి. కాబట్టి ఇంట్లోకి ఒక్క ధాన్యం కాదు, పప్పులతో కలిసిన పంట వచ్చేది. జొన్న రొట్టె, గటక, అంబలి పొద్దున, రాపు తిండి. పక్కన పప్పు, పుంటికూర లేదా అడవిలో దొరికిన ఆకుకూర. ఎండాకాలంలో ఇప్పపువ్వు, తునికి పండ్లు, మొర్రి పండ్లు. వానాకాలంలో వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, దుంపలు. చలికాలంలో ఉసిరి.

దీని విలువ ఏమిటో ఇప్పటి లెక్కల్లో చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు ఉంటాయి. ఇనుము 4 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉంటుంది. అదే మర పట్టిన తెల్ల బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు, ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. పీచు ఎక్కువ ఉన్న తిండి మెల్లగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పెరగదు, చాలాసేపు ఆకలి వేయదు. మధ్యాహ్నం దాకా నాగలి పట్టినవాడికి గటక ఎందుకు సరిపోయేదో ఈ అంకెలు చెబుతాయి.

పండుగలు కూడా ఈ తిండికి కాపలా కాసేవి. కొత్త పంటను దేవుళ్లకు, పెద్దలకు పెట్టకుండా ఎవరూ ముట్టేవారు కాదు. దాంతో ఏ పంట ఎప్పుడు తయారవుతుందో, ఏది ఎప్పుడు తినాలో ఊరంతటికీ తెలిసేది. పంచాంగమే వంట పుస్తకంలా పనిచేసింది.

అలాగని ఆ రోజులను బంగారు కాలం అనుకోవద్దు. వానాకాలంలో గాదెలు ఖాళీ అయిన ఇళ్లు ఉండేవి. సాహుకారు దగ్గర అప్పుకు గింజలు తెచ్చుకుని పంట వచ్చాక రెట్టింపు కొలిచినవాళ్లు ఉన్నారు. చంటిపిల్లలు, బాలింతలు చిన్న జబ్బులకే పోయేవారు. పాత తిండిలో బలం ఉంది కానీ, పాత బతుకులో భద్రత లేదు. ఈ రెండూ గుర్తుపెట్టుకుంటేనే మన చరిత్ర మనకు సరిగ్గా అర్థమవుతుంది.

అడవికి గీత పడ్డాక

మన కంచంలో మొదటి మార్పు వంటింట్లో రాలేదు, అడవి హద్దు దగ్గర వచ్చింది. నిజాం రాజ్యంలో అటవీ చట్టాలు బిగుసుకుని రిజర్వు అడవికి గీతలు పడ్డాయి. మనవాళ్లు బీడుగా వదిలిన తేలిక నేలలను సర్కారు అడవిగా లెక్క కట్టింది. విశ్రాంతి కోసం వదిలిన నేల తిరిగి చేతికి రాలేదు. చిరుధాన్యాలు పండిన గుట్టలు అలా పోయాయి.

ఇంకోవైపు రోడ్లు పడ్డాయి. 1920ల చివరికి కాజీపేట, బల్లార్ష మధ్య రైలు మార్గం పూర్తయింది. బయటి నుంచి రైతులు, వ్యాపారులు వచ్చారు. పట్టాలు లేని మనవాళ్ల నల్లరేగళ్లు కాగితం ఉన్నవాళ్ల పేరు మీదికి వెళ్లాయి. కుమ్రం భీం పోరు ఈ నేల కోసమే. ఆ పోరు తర్వాతే 1940లలో వేలాది కుటుంబాలకు పట్టాలు అందాయి. 1943లో మార్లవాయిలో గోండి భాషలో చదువు చెప్పే ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. తర్వాత 1959 భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ, మనం 1/70 చట్టం అని పిలుచుకునేది, మిగిలిన నేలకు రక్షణగా నిలిచాయి. నేల నిలిస్తేనే తిండి నిలుస్తుంది. భూమి పోరాటాన్ని ఆహార పోరాటంగా కూడా చదవాలి.

రెండు రూపాయల బియ్యం, తెల్ల బంగారం

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టింది. గూడేలకు అది చిన్న విషయం కాదు. వానాకాలపు ఆకలి తగ్గింది. సాహుకారు గింజల అప్పు అవసరం తగ్గింది. తెలంగాణ వచ్చాక 2015 నుంచి మనిషికి నెలకు 6 కిలోల చొప్పున బియ్యం అందింది. రేషన్ బియ్యాన్ని తిట్టడం సులువు, కానీ ఆకలి తెలిసిన అవ్వను అడిగితే ఆ బియ్యం విలువ చెబుతుంది.

కష్టం ఎక్కడ వచ్చిందంటే, బియ్యం జొన్నకు తోడుగా రాలేదు, జొన్న స్థానంలో వచ్చింది. అదే కాలంలో నల్లరేగడిలో పత్తి పెరుగుతూ వచ్చింది. 2002లో బీటీ విత్తనానికి అనుమతి వచ్చాక చేలన్నీ తెల్లబడ్డాయి. పత్తితో డబ్బు వచ్చింది, పిల్లల చదువుకు, ఇంటికి అక్కరకొచ్చింది. కానీ పత్తి చేను నుంచి వంటింటికి వచ్చేది ఏమీ లేదు. ఒకప్పుడు జొన్న చేలో అన్నం, పప్పు, పశువులకు చొప్ప మూడూ దొరికేవి. ఇప్పుడు పప్పు సైతం సంతలో కొనాలి. ధర పెరిగితే మొదట తగ్గేది పప్పే. కంచంలో అన్నం పెరిగింది, పక్కన ఉండాల్సినవి తగ్గాయి.

ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లు మనకు చదువునిచ్చాయి. అక్కడ పదేళ్లు అన్నం తిని పెరిగిన పిల్లలకు సెలవుల్లో ఇంటికి వస్తే గటక రుచించకపోవడం సహజం. పైగా జొన్న రొట్టె పేదల తిండి, తెల్లన్నం ఉన్నవాళ్ల తిండి అనే సిగ్గు ఒకటి మనలో చేరింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. మనం సిగ్గుపడి వదిలేసిన గింజలను పట్నంలో అందమైన ప్యాకెట్లలో పెట్టి ఖరీదుగా అమ్ముతున్నారు.

నడక మన పూజలోనే ఉంది

తాతల కాలంలో వ్యాయామం అనే మాట లేదు. అవసరమూ లేదు. చేనుకు, వాగుకు, సంతకు, వియ్యాలవారి ఊరికి అన్నిటికీ నడకే. ఆ నడక ఎంత ముఖ్యమో మన ఆచారాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు గోదావరిలోని హస్తినమడుగుకు వెళ్లి పవిత్ర జలం తెస్తారు. రానుపోను వంద కిలోమీటర్లకు పైగా ఆ దారి కాలినడకనే సాగుతుంది. బండ్లు, కార్లు వచ్చాక కూడా ఆ నడక మారలేదు.

దండారీ సంగతీ అంతే. గుడిరేవులోని పద్మల్‌పురి కాకో దగ్గర పూజ చేసుకుని, దీపావళి దాకా దండారీ బృందాలు ఊరి నుంచి ఊరికి వెళ్తాయి. నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీలు గంటల తరబడి ఆడతారు. మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. ఆ నృత్యం వెనక ఉన్న ఊపిరి బలం, కాళ్ల బలం ఎక్కడిదో కూడా ఆలోచించాలి. ఏడాదంతా శ్రమ చేసిన ఒంటికే ఆ పది రోజుల ఆట సాధ్యం.

ఇప్పుడు మన గూడేల్లో మోటారు సైకిళ్లు ఉన్నాయి. చదువు, ఉద్యోగం మనల్ని కుర్చీలో కూర్చోబెట్టాయి. ఒంటి శ్రమ తగ్గింది కానీ, శ్రమ చేసే రోజుల్లో తిన్నంత అన్నం అలాగే ఉంది. ఒకప్పుడు మన గూడేల్లో పెద్దగా వినిపించని షుగర్, బీపీ మాటలు ఇప్పుడు వినిపించడానికి ఇదొక ముఖ్య కారణం. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు, పిల్లలకు, 18 ఏళ్ల లోపు వారికి రోజుకు 60 నిమిషాలు చెమట పట్టే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి 150 నిమిషాలంటే రోజుకు అరగంట, ఐదు రోజులు. హస్తినమడుగు దాకా నడిచిన వంశాలకు ఇది పెద్ద లెక్క కాదు.

కిక్రి రాత్రులు, ఫోన్ రాత్రులు

మన పెద్దలు పొద్దు గూకగానే పడుకుని కోడికూతకు లేచేవారని చెబుతుంటారు. అది చాలావరకు నిజం, ఎందుకంటే కరెంటు లేదు, దీపానికి నూనె ఖర్చు. కానీ వాళ్లకూ నిద్ర లేని రాత్రులు ఉన్నాయి. పంట కాలంలో మంచె మీద కాపలా రాత్రులు. పెర్సాపేన్ పూజలో పర్ధాన్ కిక్రి మీటుతూ గోండుల పురాణం పాడే రాత్రులు. దండారీ రాత్రులు. ఆ కథలు తెల్లవార్లూ సాగేవి.

తేడా ఒక్కటే. కిక్రి రాత్రులు ఏడాదికి కొన్నే. అవి ఊరందరినీ ఒక చోట కూర్చోబెట్టి మన కథను మనకు అప్పజెప్పాయి. ఫోన్ రాత్రి మాత్రం రోజూ వస్తుంది, ఒక్కొక్కరినీ ఒక్కో మూలన కూర్చోబెడుతుంది. నిద్ర చాలకపోతే మర్నాడు చదివింది తలకెక్కదు, చిరాకు పెరుగుతుంది, తీపి, నూనె పదార్థాల మీదికి మనసు పోతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉంటే బరువు, బీపీ, షుగర్ పెరిగే ప్రమాదం ఉంది. పెద్దలకు రాత్రికి కనీసం ఏడు గంటలు, హైస్కూలు వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు నిద్ర కావాలి. పడుకునే చోటికి ఫోన్ తీసుకెళ్లకపోతే సగం పని అయినట్టే.

రక్తంలో మిగిలిన జ్వరం

1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అంతకు ముందు వందల తరాలుగా ఆ జ్వరం అడవి ప్రాంతాల మనుషులను తీసుకుపోతూనే ఉంది. ఆ సుదీర్ఘ పోరాటంలో కొందరి రక్తంలో ఒక మార్పు నిలిచిపోయింది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ లక్షణం వస్తే ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల ప్రజల్లో అది తరతరాలుగా సాగింది. తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తే మాత్రం అది సికిల్ సెల్ జబ్బు అవుతుంది. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తం తగ్గుతుంది, కీళ్లలో, ఎముకల్లో భరించలేని నొప్పులు వస్తాయి. గోండు, కొలాం సమాజాల్లో ఈ లక్షణం ఉంది. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. మన పూర్వీకులు మలేరియా మధ్య బతికి బయటపడిన గుర్తు.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్ల లోపు వారిలో 7 కోట్ల మందికి పరీక్ష చేయడం, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించడం దాని లక్ష్యం. లక్షణం మాత్రమే ఉన్నవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ అలాంటి ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది.

ఇక్కడ మన ఆచారమే మనకు దారి చూపుతుంది. గోండులు పెళ్లి మాట ఎత్తగానే సగ చూస్తారు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు వేల్పుల సగల్లో ఎవరు ఎవరికి వరస అవుతారో తేల్చుకోకుండా ముందుకు వెళ్లరు. సంబంధం కలపడానికి ముందు విచారించడం మనకు కొత్త కాదు. సగ అడిగినట్టే రక్తపరీక్ష కార్డు కూడా అడగడం మన తరం చేర్చాల్సిన వరస. మేనరికాలు ఉన్న ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. ఒకే కుటుంబంలో ఆ లక్షణం ఇద్దరికీ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి.

రక్తహీనత విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉంది. కారణం ఇనుము లోపమా, సికిల్ సెల్లా అన్నది పరీక్షతోనే తేలుతుంది. మలేరియా కూడా పూర్తిగా పోలేదు. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష, మందు ఇస్తే చివరి మాత్ర దాకా వాడటం, ఇంట్లో అందరికీ దోమతెర. వానాకాలంలో పిల్లలు మరుగోళ్లు ఎక్కి బురద తగలకుండా నడిచే ఆట మన దగ్గర ఉంది. బురద, నిలువ నీళ్లు మంచివి కావని మనవాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కాచి చల్లార్చిన నీళ్లు, సబ్బుతో చేతులు కడగడం దానికి కొనసాగింపే.

ఇప్పపువ్వు: లడ్డూ, సారా

మన చరిత్రలో ఇప్పచెట్టుకు రెండు ముఖాలు ఉన్నాయి. ఎండిన ఇప్పపువ్వును వేయించి, పప్పుతో ఉడికించి తిన్నారు. గింజల నూనె వాడుకున్నారు. దేవుడికి సారా పోశారు. పూజలో ఆ చుక్కకు హద్దు ఉండేది. నిజాం రాజ్యంలో ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆదాయమయ్యాక మద్యం రోజువారీ సరుకైంది. ఇప్పుడు ఊరి చివర దుకాణంలో సీసాలు, పాకెట్లు, గుట్కా అన్నీ దొరుకుతున్నాయి. ఆచారం పేరు చెప్పి రోజూ తాగడం ఆచారం కాదు. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం అదే ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతోంది. ఒకే పువ్వు ఒక ఇంటిని నిలబెట్టగలదు, ఒక ఇంటిని కూల్చగలదు. మన చేతిలో ఏది ఉండాలో మనమే తేల్చుకోవాలి.

ఈ తరం చేయగలిగింది

యువ మిత్రులారా, పాత కాలానికి తిరిగి వెళ్లాలని ఎవరూ అడగడం లేదు. అన్నం మానమని, పత్తి పీకేయమని, ఫోన్ పారేయమని కాదు. పోయినవాటిలో నిలబెట్టుకోగలిగినవి నిలబెట్టుకుందాం.

పత్తి చేను గట్ల మీద, ఒక మూల పది గుంటల్లో ఇంటికి సరిపడా జొన్న, కంది, బొబ్బర వేద్దాం. వారంలో మూడు నాలుగు రోజులైనా ఒక పూట రొట్టె లేదా గటక ఉండాలి. అన్నం తినే పూట అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచుదాం. టీలో బిస్కెట్లు, కూల్‌డ్రింకు, చిప్స్ పాకెట్ సంతరోజుకే పరిమితం చేద్దాం. అన్ని వంటల్లో కలిపి రోజుకు ఒక మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. ఇంట్లో 30 ఏళ్లు దాటిన అమ్మ, నాన్న, అన్న, వదినలను ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకెళ్లి బీపీ, షుగర్ పరీక్ష చేయిద్దాం. అక్కడ ఆ పరీక్ష ఉచితం. పెళ్లి కావలసినవారు సికిల్ సెల్ కార్డు తీసుకుందాం.

పట్నంలో చదువుకుంటున్నవారికి ఇంకో పని ఉంది. ఈ దీపావళికి, పుష్య మాసం జాతరకు ఇంటికి వెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చోండి. ఒకప్పుడు మన చేలో పండిన జొన్న రకాల పేర్లు, అడవిలో తిన్న ఆకుకూరల పేర్లు, ఏ పండుగకు ముందు ఏది ముట్టకూడదో గోండిలో, కొలామీలో అడిగి రాసుకోండి. ఎలా వండాలో కూడా నేర్చుకోండి. ఈ జ్ఞానంలో చాలాభాగం పుస్తకాల్లో లేదు, ఎనభై ఏళ్ల నోళ్లలో ఉంది. ఆ అవ్వలు ఉన్నప్పుడే అడగాలి.

కుమ్రం భీం తరం నేల కోసం పోరాడింది. ఆ నేల మీద ఏం పండించి, ఏం తిని, ఎంత ఆరోగ్యంగా నిలబడతామన్నది మన తరం బాధ్యత.